“నీ తప్పేం లేదు” అన్న మాట ఎందుకు పనిచేయదు

“గంటకు పదిహేనువందలు పుచ్చుకుని ‘నీ తప్పేం లేదమ్మా’ అని చెప్పడానికి ఒక డాక్టరెందుకు? ఆ మాటేదో నేను ఊరికే చెప్తాను కదా” అన్నాడు మా బాబాయి, ఆదివారం పేపర్లో థెరపీ మీద వచ్చిన వ్యాసం చదువుతూ. హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. కఠినుడేమీ కాదు. పరీక్ష ఫీజు కట్టలేని పిల్లలకి తన జేబులోంచి కట్టిన సందర్భాలు మా ఊళ్ళో చాలామందికి తెలుసు. అందుకే ఆ మాటని తేలిగ్గా తీసిపారేయలేకపోయాను. నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్ళకి మన ఇళ్ళల్లో కరువు లేదు. మరి చిన్నతనంలో దెబ్బతిన్న మనిషికి ఆ మాటలు ఎందుకు అందవు?

చాలారోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. ఆ మాట ఎవరైనా చెప్పగలరు. విన్నవాళ్ళు దాన్ని నమ్మగలిగే స్థితికి రావడం దగ్గరే అసలు పనంతా ఉంది. ఆ పని ఓదార్చడం కాదు, ఓపికగా, ఒక పద్ధతి ప్రకారం, నేర్చుకుని చేయాల్సిన పని. థెరపిస్టు చూపే కరుణని మనం ‘మెత్తగా మాట్లాడటం’ అనుకుంటున్నాం. అలా అనుకున్నంతకాలం అవసరమైనవాళ్ళు అటువైపు వెళ్ళరు. వెళ్ళినవాళ్ళు కూడా మొదట్లోనే హాయిగా అనిపించకపోయేసరికి మానేస్తారు.

తెలుసు, కానీ నమ్మకం కుదరదు

దీన్ని నేను దగ్గరగా చూసింది నా స్నేహితురాలి విషయంలో. తనని అడిగే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడు వేసవి సెలవుల్లో దగ్గరి బంధువొకడు తనని లైంగికంగా వేధించాడు. ఎవరికీ చెప్పలేదు. చదువుకుంది, ఉద్యోగం, పెళ్ళి, ఒక పాప. పాపకి ఆ వయసు వచ్చేసరికి తనకి రాత్రుళ్ళు నిద్ర కరువైంది. స్కూలు వ్యాన్ పది నిమిషాలు ఆలస్యమైతే చేతులు వణికేవి.

విచిత్రమేమిటంటే తన కోపమంతా వాడి మీద కాదు, తన మీదే. “పక్క గదిలో అందరూ ఉన్నారే. ఒక్క కేక వేస్తే సరిపోయేది. నేనెందుకు అరవలేదు?” ఎప్పుడు మాట్లాడినా ఇదే ప్రశ్న.

దీనికి శాస్త్రం చెప్పే జవాబు ఉంది. తప్పించుకునే దారి లేదని శరీరానికి అనిపించినప్పుడు ఒళ్ళు బిగుసుకుపోతుంది, గొంతు పెగలదు. అది మనం తీసుకునే నిర్ణయం కాదు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల కోసం నడిచే ఎమర్జెన్సీ క్లినిక్‌కి వచ్చిన 298 మంది మహిళల్ని అడిగితే, దాదాపు 70 శాతం మంది ఆ సమయంలో చెప్పుకోదగ్గ స్థాయిలో అలా కొయ్యబారిపోయామని చెప్పారు. 2017లో వచ్చిన పరిశోధన అది. దాని లింకు నాకు పంపింది కూడా తనే. పంపుతూ కింద రాసింది: “అంతా చదివాను. అర్థమైంది. అయినా నేను అరిచి ఉండాల్సింది.”

ఆ ఒక్క వాక్యం దగ్గర ఓదార్పు మాటలన్నీ ఆగిపోతాయి. మా బాబాయి చెప్పినా అంతే, నేను చెప్పినా అంతే. నేను ఎన్నోసార్లు చెప్పాను కూడా.

తర్వాత హైదరాబాద్‌లో ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. కొన్ని వారాలయ్యాక ఆవిడ ఒక పని చేయించారట. రాత్రి ఆ ఆలోచన వచ్చినప్పుడు తనకి తాను చెప్పుకోవాల్సిన మాటని నోట్‌బుక్‌లో రాసుకోమన్నారు. ‘నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. అది నా తప్పు కాదు’ అని ఇంగ్లీషులో రాసుకెళ్ళింది. “ఇది మీలో మీరు అనుకునేటప్పుడు ఎలా వినిపిస్తుందో, అలాగే పైకి అనండి, తెలుగులోనే” అన్నారు ఆవిడ. తను అన్నది. అన్నాక తనకే ఆశ్చర్యం వేసిందట. ఎందుకంటే నోట్లోంచి వచ్చింది ఇది: “నీ తప్పు కాదని ఎన్నిసార్లు చెప్పాలే నీకు! బుర్ర లేదా?”

మంచి మాటే, కానీ తిడుతున్న గొంతుతో.

నాకు ఈ సంగతి చెప్పినప్పుడు ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఈ పద్ధతి గురించి వెతికి చదివాను. ఇంగ్లండ్‌లోని డర్బీలో పనిచేసిన పాల్ గిల్బర్ట్ అనే క్లినికల్ సైకాలజిస్టు సరిగ్గా ఇలాంటి అనుభవంతోనే తన దారి మార్చుకున్నాడు. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళకి ఆయన కాగ్నిటివ్ థెరపీ చేసేవాడు. తప్పుడు ఆలోచనని పట్టుకో, రుజువులు చూడు, సరైన ఆలోచనతో మార్చు, ఇదీ పద్ధతి. రోగులు అది చక్కగా చేసేవాళ్ళు, కానీ మనసు తేలికపడేది కాదు. ఆ సరైన ఆలోచనని మీలో మీరు వినేలాగే పైకి చెప్పమని అడిగితే, ఆ గొంతులో చిరాకు, తిరస్కారం, కొన్నిసార్లు అసహ్యం వినిపించాయి. తర్కంలో లోపం లేదు. గొంతులోనే ఆదరణ లేదు. కంపాషన్ ఫోకస్డ్ థెరపీ, అంటే తనపట్ల తనకి కరుణ అలవాటు చేసే చికిత్స, అక్కడి నుంచి పెరిగింది. దాన్ని ప్రచారం చేయడానికి ఆయన, ఆయన సహచరులు 2006లో కంపాషనేట్ మైండ్ ఫౌండేషన్ పెట్టారు.

ఆ థెరపిస్టు తెలుగులో అనమనడం కూడా చిన్న విషయం కాదనిపిస్తుంది నాకు. మనల్ని మనం తిట్టుకునేది అమ్మానాన్నల భాషలో, మన ఊరి యాసలో. ఆ తిట్టుకి జవాబు ఇంగ్లీషు పుస్తకంలోని వాక్యంతో ఇస్తే ఎక్కడో పైపైన తిరిగి వచ్చేస్తుంది. తెలుగులో మాట్లాడే థెరపిస్టులు కావాలని నేను అడిగేది భాషాభిమానంతో కాదు. నొప్పి ఉన్న చోటికి చేరే దారి అదొక్కటే కాబట్టి.

ఆ తిట్టు ఎందుకు పుట్టింది

గిల్బర్ట్ చెప్పే చిత్రం సరళమైనదే. మన భావాల్ని మూడు వ్యవస్థలు నడుపుతాయంటాడు. ఒకటి ముప్పుని పసిగట్టి భయం, కోపం పుట్టించేది. రెండోది ఏదో సాధించాలని పరుగెత్తించేది. మూడోది, దగ్గరివాళ్ళ మధ్య భద్రంగా ఉన్నామనిపించినప్పుడు మనసుని నెమ్మదింపజేసేది. మెదడుని ఇలా మూడు ముక్కలు చేయడం మరీ సులువు కాదా అని నాకూ అనుమానం వచ్చింది. ఆయన కూడా దీన్ని మనిషికి తన పరిస్థితి అర్థం కావడానికి గీసిన బొమ్మలాగే వాడతాడు కాబట్టి దాంతో పేచీ పెట్టుకోదలచుకోలేదు.

ఆ బొమ్మని మన ఇళ్ళ మీద పెట్టి చూడండి. మొదటి రెండూ బాగా పనిచేస్తుంటాయి. ‘మార్కులు రాకపోతే ఏమవుతావో చూసుకో’ అనే భయం, ఆ భయంతో పరుగు. ఇంటర్మీడియట్ హాస్టళ్ళలో తెల్లవారుజామున లేపి చదివించేది ఈ రెంటినీ కలిపే. మూడోదానికి మనం ఇచ్చే చోటు తక్కువ. బిడ్డ ఏడిస్తే దగ్గరికి తీసుకుంటాం కానీ, ఆ వెంటనే ‘ఇంత చిన్నదానికి ఏడుస్తారా’ అని కూడా అంటాం.

గాయపడ్డ పిల్లల్లో ఇది ఇంకో మలుపు తీసుకుంటుంది. తనని కాపాడాల్సిన పెద్దవాళ్ళే హాని చేశారు, లేదా చూడనట్టు ఊరుకున్నారు అని ఒప్పుకోవడం చిన్నపిల్లకి సాధ్యం కాదు. ఆ ఇంట్లోనే తినాలి, ఆ ఇంట్లోనే పడుకోవాలి. తప్పు నాదే అనుకుంటే మాత్రం కొంత ఆశ ఉంటుంది: నేను ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటే మళ్ళీ జరగదు. తనని తాను తిట్టుకోవడం అలా మొదలవుతుంది. దాని ఉద్దేశం కాపాడటమే.

అందుకే నేను విన్నవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. ఆ థెరపిస్టు నా స్నేహితురాలిని ‘తిట్టుకోవడం మానేయండి’ అనలేదు. “తిట్టుకోవడం మానేస్తే ఏం జరుగుతుందని భయం?” అని అడిగారు. తను చాలాసేపు ఆలోచించి చెప్పింది: “మళ్ళీ మొద్దులా కూర్చుండిపోతాను. ఈసారి నా కూతురి విషయంలో.”

ఇన్నేళ్ళు తనని కాల్చుకు తిన్న గొంతుకి కారణం పాప మీద ప్రేమ అని అప్పటిదాకా తనకి కూడా తెలియదు. శత్రువుని గెంటేసినట్టు గెంటేస్తే పోయేది కాదు అది. పాపని కాపాడటానికి ఇంకో దారి ఉందని నమ్మకం కుదిరితేనే ఆ గొంతు తగ్గుతుంది. ఇది బయటికి రావాలంటే థెరపిస్టుకి తొందరపెట్టని ఓపిక కావాల్సి వచ్చింది. ఇంట్లోవాళ్ళకి ఉండనిది అదే. మనకి ఇష్టమైన మనిషి బాధపడుతుంటే మనకి టెన్షన్. ఆ టెన్షన్ తగ్గాలని ‘ఊరుకో, అయిందేదో అయింది, మర్చిపో’ అంటాం. తను ఊరుకుంటే మనకి ఊరట.

ఆదరణ చూస్తే భయపడేవాళ్ళు

బాబాయి మాట పూర్తిగా తేలిపోయే చోటు ఇది. మంచిగా మాట్లాడితే మనసు కుదుటపడుతుందని మనం అనుకుంటాం. కొందరికి దానికి వ్యతిరేకంగా జరుగుతుంది. గిల్బర్ట్ బృందం 2011లో దీని కోసం ప్రత్యేకంగా కొలమానాలే తయారుచేసింది. ఇతరులమీద కరుణ చూపడానికి భయం, ఇతరులు తమమీద చూపిస్తే భయం, తమమీద తాము చూపించుకోవడానికి భయం. మూడూ వేరువేరుగా కొలుస్తారు.

వినడానికి వింతగా ఉంది కానీ ఆలోచిస్తే అర్థమవుతుంది. చాక్లెట్ ఇచ్చి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముద్దుగా పిలిచిన మనిషే హాని చేస్తే, ఆ పిల్లకి ముద్దుమాట వినడమే ప్రమాద సూచన అవుతుంది. పెద్దయ్యాక ఎవరైనా ఆప్యాయంగా చెయ్యి పట్టుకున్నా శరీరం వెనక్కి జరుగుతుంది. నా స్నేహితురాలు మొదట్లో సెషన్ అయ్యాక మెట్రోలో ఏడుస్తూ ఇంటికెళ్ళేది. “ఆవిడ మంచిగా మాట్లాడుతుంటే తట్టుకోలేకపోతున్నాను, కాస్త కోప్పడితే బాగుండు” అనేది నాతో. నెమ్మదిగా ఊపిరి తీసుకునే అభ్యాసం చేయిస్తే, కళ్ళు మూసుకోగానే గుండె దడ. అప్పుడు కళ్ళు తెరిచే ఉంచమని, గదిలో ఒక వస్తువుని చూస్తూ చేయమని మార్చారట. అది కూడా ఒకటి రెండు నిమిషాలు మాత్రమే.

తర్వాత, తన మీద ఏ కల్మషమూ లేకుండా దయ చూపే ఒక మనిషిని ఊహించుకోమన్నారు. ఇంగ్లండ్‌లో ట్రామా (మనసుకి తగిలిన లోతైన గాయం) బాధితులతో పనిచేసిన డెబొరా లీ లాంటివాళ్ళు ఎక్కువగా వాడే పద్ధతి ఇది. తనకి ఎవరూ దొరకలేదు. అమ్మా? పక్క గదిలో ఉన్నవాళ్ళలో ఒకరు. అమ్మమ్మా? ఆ బంధువుకి కూడా ప్రేమగా వడ్డించిన మనిషి. దేవుడా? “ఆయన కూడా చూస్తూ ఊరుకున్నాడుగా” అంది. చివరికి తనకి తోచింది అమ్మమ్మగారింటి గేదె. మధ్యాహ్నాలు పాకలో దాని పక్కన కూర్చునేదట, అది నెమరువేస్తుంటే డొక్కకి ఆనుకుని. థెరపిస్టు నవ్వలేదు, మనిషినే ఊహించుకోండి అని పట్టుబట్టలేదు. ఆ గేదెతోనే మొదలుపెట్టారు. నిద్రపట్టని రాత్రి ఆ వెచ్చదనాన్ని గుర్తుచేసుకుని, ఆ తర్వాత మాత్రమే ఆ ఎనిమిదేళ్ళ పిల్లతో మాట్లాడటం. ఆ వరస ముఖ్యం.

అమెరికన్ సైకియాట్రిస్టు జుడిత్ హెర్మన్ 1992లోనే చెప్పిన వరస కూడా ఇదే: ముందు భద్రత, తర్వాత గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్ళీ మనుషుల్లో కలవడం. ‘అంతా కక్కేస్తే తేలికవుతుంది’ అన్నది మనకి బాగా అలవాటైన సలహా. ఘోరం జరిగిన వెంటనే ఒకే విడతలో మొత్తం చెప్పించే పద్ధతి మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ 2002లో కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని కలిపి తూచి చూసే సంస్థ) సమీక్ష కలిపి చూస్తే, అది తర్వాత వచ్చే ట్రామా సమస్యని ఆపుతుందనడానికి ఆధారం దొరకలేదు. వినే చెవి ఉంటే చాలదు, ఎప్పుడు ఆపమనాలో కూడా తెలియాలి.

మెత్తబడితే చెడిపోతారా

బాబాయి రెండో ప్రశ్న కూడా వేశాడు. “దెబ్బలు తిని, తిట్లు తిని పెరిగాం. మాకేమైంది? నిన్ను నువ్వు అలా ముద్దు చేసుకుంటూ కూర్చుంటే ఇంక మారేదేముంది?”

ఈ భయం నిజమైనది. దీన్ని పరీక్షించినవాళ్ళున్నారు. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి: విద్యార్థులకి కష్టమైన పదాల పరీక్ష పెట్టి, దెబ్బతిన్నాక, ఒక గుంపుతో తమపట్ల తాము దయగా ఉండేలా ఆలోచింపజేశారు, ఇంకో గుంపుతో ‘నువ్వు తెలివైనవాడివే’ అనిపించారు. రెండో పరీక్షకి ఎక్కువసేపు చదివింది మొదటి గుంపు. ఓటమిని తేరిపార చూడగలిగినవాళ్ళే దాన్ని దిద్దుకుంటారని నాకు అర్థమైంది. అయితే వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న కాలేజీ పిల్లలు, వాళ్ళకి జరిగింది ఒక పరీక్ష పోవడం. దాన్ని తీసుకొచ్చి చిన్నతనపు హింసకి అతికించను.

గిల్బర్ట్ 2004లోనే ఇంకో తేడా చూపించాడు. తనని తాను దిద్దుకోవడానికి విమర్శించుకోవడం వేరు, తనని తాను ద్వేషించి శిక్షించుకోవడం వేరు. మా బాబాయి క్లాసులో వాడిన కోపం మొదటి రకం. దాని వెనక ‘నువ్వు చేయగలవు’ అనే నమ్మకం ఉండేది. నా స్నేహితురాలు తన మీద వాడుకున్నది రెండో రకం. ఒకటి పనికొచ్చింది కదా అని రెండోదాన్ని సమర్థించలేం. ఇక ‘మాకేమైంది’ అన్నదానికి, ఏమీ కానివాళ్ళే ఆ మాట అనగలరు. అయినవాళ్ళు ఆ సంభాషణలో ఉండరు.

ఈ పద్ధతిని నెత్తిన పెట్టుకుంటున్నాననుకునేవాళ్ళకి ఒక మాట. ట్రామాకి బలమైన ఆధారాలున్న చికిత్సలు వేరే ఉన్నాయి. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ చికిత్స మంచిదో చెప్పే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు పెద్దలకి సిఫార్సు చేసేవి ట్రామా మీద దృష్టిపెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదుపుతూ ఆ జ్ఞాపకం మీద పనిచేసే పద్ధతి). వాటితో పోలిస్తే కంపాషన్ ఫోకస్డ్ థెరపీ వెనకున్న పరిశోధన చిన్నది, ఇంకా పెరుగుతోంది. నేననేది ఇంతే: సిగ్గు, స్వీయద్వేషం గట్టిగా పట్టుకున్న మనిషికి ఏ చికిత్స చేసినా, ఈ గొంతు సంగతి చూడకుండా ముందుకు పోలేరు. నా స్నేహితురాలికి కూడా జ్ఞాపకాల మీద నేరుగా పనిచేసే దశ తర్వాత వచ్చింది.

డబ్బు సంగతి మాత్రం బాబాయిదే రైటు. వారం వారం పదిహేనువందలు ఎంతమంది పెట్టగలరు? 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. రాత్రి పూట తోడు లేనప్పుడు అది చాలా విలువైన మొదటి మెట్టు. కానీ నేను పైన రాసిన పని ఒక ఫోన్ కాల్‌తో అయ్యేది కాదు. జిల్లా ఆసుపత్రిలో కూర్చుని, అదే మనిషిని నెలల తరబడి చూడగలిగే సైకాలజిస్టు కావాలి. ఈ కోరిక ఏ మేనిఫెస్టోలోనూ నాకు కనబడలేదు, కనబడాలి.

కరుణ అంటే వాణ్ణి క్షమించడం కాదు

ఈ థెరపిస్టు కంటే ముందు నా స్నేహితురాలు ఇంకొకరి దగ్గరికి వెళ్ళింది. కౌన్సెలర్ అని బోర్డు ఉంది. రెండోసారికే “ఆయన్ని మనస్ఫూర్తిగా క్షమించేయండి, మీరే ఫ్రీ అవుతారు” అన్నారట. ఫీజు కట్టి బయటికొచ్చి, ఇంక ఎవరి దగ్గరికీ వెళ్ళకూడదనుకుని చాలాకాలం అలాగే ఉండిపోయింది. నాకు ఈ ధోరణి మీద చాలా కోపం. క్షమ గొప్పదే కావచ్చు. కానీ దెబ్బతిన్న మనిషిని అడగాల్సిన మొదటి విషయం అది కాదు, చివరిది కూడా కానక్కర్లేదు. క్షమించలేకపోతే అది ఇంకో నేరమై తన మీదే పడుతుంది: చూశావా, నీకు మంచితనం కూడా లేదు.

గిల్బర్ట్ పద్ధతిలో తరచూ వినిపించే మాట ఒకటుంది: ఇది నీ తప్పు కాదు, కానీ దీంతో ఏం చేయాలన్న బాధ్యత నీదే. మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదు. తప్పు చేసినవాడు హాయిగా మనవల్ని ఎత్తుకు తిరుగుతుంటే, బాధ్యత తన మీదేనా? నా స్నేహితురాలు కూడా అదే అడిగింది. “వాడి బాధ్యత వాడిదే, అందులో ఒక్క రవ్వ కూడా మీకు ఇవ్వడం లేదు. మీ రాత్రుళ్ళ సంగతి మాత్రం వాడు చూడడు కదా” అన్నారట ఆవిడ. ఆ జవాబు నాకు పూర్తిగా సరిపోయిందని చెప్పను. కుటుంబం మోయాల్సిన బరువు ఒక్క మనిషి, ఒక గదిలో, సొంత డబ్బుతో మోస్తోంది. ఎంత మంచి థెరపిస్టైనా ఆ అన్యాయాన్ని సరిచేయలేరు.

అయితే కరుణ అంటే ఆ పద్ధతిలో రెండు పనులు: బాధని తప్పుకోకుండా చూడటం, దాన్ని తగ్గించడానికి, మళ్ళీ రాకుండా ఆపడానికి ఏదైనా చేయడం. రెండో పనికి ధైర్యం కావాలి. నా స్నేహితురాలిలో నేను చూసిన మార్పు అక్కడే. మెత్తబడలేదు తను. ఇన్నేళ్ళూ ప్రతి శుభకార్యంలో వాడికి ఎదురుపడి, నమస్కారం పెట్టి, ఇంటికొచ్చి తనని తాను తిట్టుకున్న మనిషి, ఇప్పుడు తమ్ముడి పెళ్ళి కుదరగానే అమ్మకి ఫోన్ చేసింది. ఏం చెప్పాలో థెరపిస్టుతో కలిసి ముందే అనుకుంది. జరిగింది క్లుప్తంగా చెప్పి, వాణ్ణి పిలిస్తే నేనూ పాపా రాము అంది. అమ్మ మొదట ఏడ్చింది. తర్వాత “పెద్దాయన, ఇప్పుడివన్నీ ఎందుకే” అంది. “నేను అడుగుతున్నది సలహా కాదమ్మా, నీకు చెప్తున్నాను” అని తను ఫోన్ పెట్టేసింది. రెండు రోజులకి అమ్మే తిరిగి ఫోన్ చేసి, ఆ వేసవిలో ఏ నెల, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు అని అడిగింది.

వాళ్ళ నాన్న ఇంకా మాట్లాడటం లేదు. వాణ్ణి పిలుస్తారో లేదో తేలలేదు. పిలిస్తే తను వెళ్ళదన్నది మాత్రం తేలిపోయింది, దాని గురించి తనలో తనకి వాదన లేదు.